పాల ప్యాకెట్లు కడిగి మరీ ఇచ్చినా చెత్త ఆటో తీసుకోవట్లేదు (రామ్మూర్తినగర్)

వంటింటి కిటికీ:
ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చి నాలుగు నెలలైంది. రెండో అంతస్తు, ఒకటే బెడ్‌రూమ్, బాల్కనీ అంటే వాషింగ్ మెషిన్ పట్టేంత చోటు. ఊళ్లో కూరగాయల తొక్కలు పక్కింటి గేదెకు పోయేవి, మిగతాదంతా ఒకటే బకెట్. ఇక్కడ పొద్దున ఆరున్నరకే ఆటో వచ్చేస్తుంది. పోయిన వారం ఆయన నా బకెట్‌లోకి తొంగిచూసి, కన్నడంలో ఏదో అని, ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. ఓనర్ ఆంటీ మెట్ల మీద నిలబడి అంతా చూస్తూనే ఉంది. ఆ రోజంతా బీరకాయ చెక్కు, చేప ముళ్లు ఇంట్లోనే. వాసన సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అప్పటి నుంచి బుద్ధిగా వేరు చేస్తున్నా. నందిని పాల ప్యాకెట్లు కడిగి, సింకు పైన టైల్స్‌కి అతికించి ఆరబెడుతున్నా. నిన్న ఆ కవరు ఇస్తే అదీ తీసుకోలేదు! అసలు ఏం చేస్తే తీసుకుంటారు? పాప డైపర్లు ఎందులో వెయ్యాలి? పగిలిన సీసా ఒకటి పది రోజులుగా మంచం కింద ఉంది. పాప అటు పాకినప్పుడల్లా టెన్షన్.

పాత పేపర్:
నిన్న ఏ వారమో చూసుకున్నారా? మా వైపు పొడి చెత్త బుధ, శనివారాల్లోనే తీసుకుంటారు, తడి చెత్త రోజూ. మీ వీధికి ఏ రోజులో ఆటో వాళ్లనే అడగండి. 2015 డిసెంబర్‌లో హైకోర్టు చెప్పిన దగ్గర్నుంచి ఇక్కడ లెక్క ఒకటే, రెండు డబ్బాలు, ఒక సంచి. ఆకుపచ్చ డబ్బాలో తడి. ఎర్ర డబ్బాలో డైపర్లు, ప్యాడ్లు, ఇల్లూడ్చిన దుమ్ము. సంచిలో పొడి. డైపర్ని పేపర్లో చుట్టి ఎర్ర పెన్నుతో పెద్ద చుక్క పెట్టండి, చెత్త వేరు చేసేవాళ్లు విప్పి చూసే పని ఉండదు. సీసాని నాలుగు మడతల పేపర్లో చుట్టి విడిగా చేతికే ఇవ్వండి. కన్నడంలోనూ గాజుని గాజు అనే అంటారు, భాషతో పేచీ లేదు.

ఇంకోటి, పాల ప్యాకెట్ మూల పూర్తిగా తెంపకండి. ఆ గోరంత ముక్క ఏ సంచిలోనూ నిలవదు, నేరుగా కాలవలోకే.

కోలార్ రోడ్డు:
ఆటో ఆయన మీద కోపం వద్దు తల్లీ. మా అత్తగారి ఊరు మండూరు పక్కనే. బెంగళూరు చెత్త లారీలకు లారీలు కలగలిపి తెచ్చి అక్కడే పోసేవాళ్లు. కాఫీ గ్లాసు మీద అరచెయ్యి పెట్టుకుని తాగేవాళ్లం, లేదంటే ఈగే ముందు తాగేది. ఊళ్లవాళ్లు రోడ్డెక్కితే గానీ లారీలు ఆగలేదు, అదీ 2014 డిసెంబర్ 1కి. తడీ పొడీ కలిసి కుళ్లితేనే ఆ కంపు, ఆ నల్ల నీళ్లు.

ఆటో పక్కన వేలాడే గోనెసంచులు చూశావా? అట్టలు, సీసాలు వాళ్లు ఏరుకునేది వాటిల్లోకే. కడిగి ఇస్తే పాత సామాన్ల కొట్లో వాళ్లకి నాలుగు రూపాయలు వస్తాయి. పప్పు అంటిన కవరుకు ఎవరిస్తారు?

మెంతి మడి:
చోటు లేకపోయినా కంపోస్ట్ అవుతుంది. మేం పాత పెయింట్ బకెట్‌కి చిల్లులు పెట్టాం. మొదటిసారి ఉత్త తొక్కలే వేస్తే పురుగులొచ్చి, మా ఆయన బకెట్‌తో సహా నన్నూ బయట పెడతానన్నాడు. గుప్పెడు తొక్కలకి గుప్పెడు ఎండుటాకులో కొబ్బరి పొట్టో పడాలి, అప్పుడప్పుడు కాస్త పుల్ల మజ్జిగ చల్లాలి. మాకు రెండు నెలలు పట్టింది. చేప ముళ్లు మాత్రం ఆటోకే ఇచ్చెయ్యండి.

వంటింటి కిటికీ:
కంపోస్ట్‌కి ఇంకా ధైర్యం చాలట్లేదు, ఆంటీకి తెలిస్తే అయిపోయాను. కానీ ఇవాళ బుధవారం కదా, సంచి పట్టుకుని కిందికి దిగా. తీసుకున్నాడు! సీసా పొట్లం చూపించి "గాజు" అన్నా. "గాజా? ఇట్లా ఇయ్యమ్మా, చెయ్యి తెగుతుంది" అన్నాడు. తెలుగు! మదనపల్లె అంట. నాకు రాదనుకుని ఆయన కన్నడం, ఆయనకి రాదనుకుని నేను సైగలు. నాలుగు నెలలుగా ఇదీ మా సంభాషణ.