కాటన్ దొర ఇంటిపేరులో పత్తి ఉందా?

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసొస్తుంటే మా మనవడు అడిగాడు: "తాతా, ఈయన వాళ్ళది పత్తి వ్యాపారమా?" నవ్వేశాను గానీ జవాబు తెలీలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

— పత్తికీ ఆ పేరుకీ ఏ చుట్టరికమూ లేదండీ. బట్టల కాటన్ అరబ్బీ 'కుత్న్', ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటిపేరు మాత్రం అచ్చ ఇంగ్లీషు. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె. కాటేజ్‌లో ఉన్నదీ అదే. బహువచనంలో విభక్తి చేరితే 'కాటుమ్', అంటే 'గుడిసెల దగ్గర'. అదే ఊరి పేరై, తర్వాత ఇంటిపేరైంది. అలాంటి ఊళ్ళు ఇంగ్లండులో చాలా ఉన్నాయి, కాబట్టి కాటన్‌లందరూ ఒకే వంశం కారు.

— అయితే మన ప్రత్తిపాటివారి లెక్కే! ప్రత్తిపాడు 'ప్రత్తిపాటి' అయిందంటే అది ఔపవిభక్తికమే కదా. అంతెందుకు, 'ఇంటిపేరు' అనే మాటలోనే ఇల్లు 'ఇంటి' అయి కూర్చుంది. తమాషా ఏంటంటే, పేరులో నిజంగా పత్తి ఉన్నది మనవాళ్ళకే.

— మిగతా కాటన్‌ల సంగతి కూడా. 1904లో బొంబాయి కాంగ్రెస్‌కి అధ్యక్షుడు హెన్రీ కాటన్. బోస్టన్‌లో మశూచి టీకా కోసం వాదించిన కాటన్ మాథర్‌కైతే అది ఇంటిపేరు కాదు, తల్లి పుట్టింటి పేరు. నాకు ఇష్టుడు పాత రాతప్రతులు సేకరించిన రాబర్ట్ కాటన్ (1571–1631). ఆయన పుస్తకాల బీరువాల మీద రోమన్ చక్రవర్తుల తలబొమ్మలుండేవి, పుస్తకం గుర్తు ఆ చక్రవర్తి పేరే. పాత ఇంగ్లీషు కావ్యం 'బేవుల్ఫ్'కి మిగిలిన ఏకైక రాతప్రతి ఆ సేకరణలోదే. 1731 అగ్నిప్రమాదంలో అంచులు కాలాయి. ఇప్పటికీ దాన్ని విటెలియస్ చక్రవర్తి పేరుతో 'కాటన్ విటెలియస్' అనే పిలుస్తారు. పాత ఇంగ్లీషు విభక్తిని పేరులో మోస్తున్న మనిషి దగ్గరే ఆ భాష కావ్యం దొరకడం చూడండి!

— ఆనకట్ట కాటన్ దగ్గరికి వద్దాం. 1852లో కట్టడం పూర్తయ్యాక గోదావరి జిల్లాల్లో పుట్టిన శ్లోకం మీకు తెలిసే ఉంటుంది: "స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం". అందులో 'కాటనుం' గమనించారా? ఇంగ్లీషు పేరుకి నేరుగా సంస్కృత విభక్తి తగిలిస్తే 'కాటనం' అవ్వాలి. ముందు తెలుగు నోట్లో పడి 'కాటను' అయింది, ఆ ఉకారంతోనే 'గురుం' లాగా 'కాటనుం' అయింది.