పొదుపు సంఘం సభ్యురాలిని భర్త హింసిస్తుంటే సంఘం ఏం చేయాలి?

ప్రశ్న (గ్రామ సంఘం కార్యదర్శి, ప్రకాశం జిల్లా):
మా సభ్యుల్లో ఒకామె పెద్దయ్యాక సంతకం నేర్చుకున్నారు. తీర్మానాల పుస్తకంలో తన పేరు రాసుకోవడమంటే ఆమెకు ఎంతో ఇష్టం. గత నెల సమావేశంలో మాత్రం ఎడమ చేయి చాచి, వేలిముద్ర వేస్తానన్నారు. కుడి మణికట్టు బాగా వాచి ఉంది. బోరింగు దగ్గర జారిపడ్డానని చెప్పారు గానీ, రుణం డబ్బు ఇవ్వనన్నందుకు భర్త చేయి మెలితిప్పాడని ఆమె తోడికోడలు తరువాత మాకు చెప్పింది. ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దిచెబుదామని సంఘంలోని పెద్దవాళ్లు అంటున్నారు. మొగుడూ పెళ్లాల గొడవలో తలదూర్చితే వాయిదాలు ఆగిపోతాయని మరికొందరి భయం. పోలీసుల దగ్గరకు మాత్రం వద్దని ఆమె గట్టిగా చెబుతున్నారు. మేము ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (మండల సమాఖ్య మాజీ సభ్యురాలు, చిత్తూరు):
దయచేసి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. మేము మొదట్లో చేసిన పొరపాటు అదే. ఒక ఇంటి విషయంలో భర్తను పిలిపించి, మందలించి, ఇక కొట్టనని కాగితం రాయించుకున్నాము. అతను అందరికీ దణ్ణం పెట్టి వెళ్లాడు, మేము పని అయిందనుకున్నాము. ఇంటి పరువు వీధికెక్కించావని ఆ రాత్రే అతను ఆమెను మళ్లీ కొట్టాడని మూడు వారాల దాకా మాకు తెలియలేదు, ఎందుకంటే ఆమె మాకు చెప్పడం మానేసింది. ఆ మౌనానికి కారణం మేమే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తరువాత మేము పద్ధతి మార్చుకున్నాము. నమ్మకమున్న ఒక్కరే వెళ్లి, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు, ఆమెకు ఏం కావాలో అడిగేవారు. ఆమె సరేనన్నాకే ఇద్దరు సభ్యులు సాయంత్రం పూట చేటకో, కాస్త చింతపండుకో వచ్చినట్టుగా ఆ ఇంటి గడప తొక్కేవారు. ఏ రోజు వస్తారో ముందుగా ఎవరికీ చెప్పేవారు కాదు. ఈ ఇంటి మీద నలుగురి కన్ను ఉందని అతనికి తెలియడం ఎన్ని మందలింపులకన్నా మేలు చేసింది. ఆమె ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు సంఘం బీరువాలో పెట్టాము. గాయం ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు అనే వివరాలను వేరే నోటుపుస్తకంలో తేదీతో రాశాము. అందరి చేతుల్లోనూ తిరిగే తీర్మానాల పుస్తకంలో ఆమె పేరు రాయకూడదు. వాయిదా సంగతి చిన్నది, గడువు ఇవ్వండి.

జవాబు (న్యాయవాది, గుంటూరు):
ఆమె పోలీసులు వద్దన్నంత మాత్రాన దారి మూసుకుపోలేదు. 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారి ద్వారా గానీ నేరుగా గానీ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. భర్తను జైలుకు పంపడం దాని మొదటి ఉద్దేశం కాదు. కొట్టకూడదని, ఇంటి నుంచి గెంటకూడదని, ఖర్చులు ఇవ్వాలని ఉత్తర్వులు తెచ్చుకోవడం కోసం అది ఉంది. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే మాత్రం ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆమె డబ్బు లాక్కోవడం కూడా ఈ చట్టం దృష్టిలో హింసే. హింస జరుగుతోందని నమ్మే ఎవరైనా సద్భావంతో రక్షణాధికారికి తెలియజేయవచ్చు, అందుకు వారిపై చర్య ఉండదు. అయినా ఆమె అంగీకారం లేకుండా ఆ అడుగు వేయకండి.

సర్దిచెబుదామంటున్న పెద్దలకు ఒక్క మాట చెప్పండి. మేజిస్ట్రేటు ఆదేశంతో జరిగే కౌన్సెలింగులో కూడా, చేసిన హింసకు సమర్థన చెప్పుకునే వీలు భర్తకు ఉండదని ఈ చట్టం కింది నిబంధనలే అంటున్నాయి. ఊరి పంచాయితీలో మొదట వినిపించేది ఆ సమర్థనే కదా. చేయి ఎక్స్‌రే తీయించి, ఆసుపత్రి చీటీలో గాయం వివరం రాయించండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ న్యాయ సేవల సంస్థ నుంచి ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అత్యవసరమైతే మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయవచ్చు.

జవాబు (అక్షరాస్యత ఉద్యమ కార్యకర్త, నెల్లూరు):
వేలిముద్ర మాట చదివి మనసు కలుక్కుమంది. మా నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటం రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ల నుంచే పుట్టింది. 1992లో అది జిల్లా అంతటా పాకింది. 1993 అక్టోబరు 1న సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో ఆ మద్యనిషేధాన్ని సడలించడం వేరే కథ. ఆ పోరాటంలో సారా దుకాణం ఊరి నడుమ కనబడేది, అందరూ కలిసి దాని ముందు కూర్చోగలిగారు. మీ కష్టం నాలుగు గోడల మధ్య ఉంది కనుక మీ పని అంతకన్నా కష్టమని నేను అనుకుంటున్నాను.

కార్యదర్శి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆమె గడ్డికి వెళ్లినప్పుడు నేను ఒక్కదాన్నే వెంట వెళ్లి మాట్లాడాను. మొదట ఆమె అడిగింది ఒక్కటే: తరువాతి రుణం తన ఖాతాలోనే పడాలని, పుస్తకం మా దగ్గరే ఉంచాలని. రక్షణాధికారి గురించి చెబితే ఆలోచించుకుంటానన్నారు. రెండు వాయిదాలకు గడువిస్తూ తీర్మానం రాశాము, కారణం రాయలేదు. మంగళవారం ఎక్స్‌రేకు ఆమెతో నేనే వెళ్తున్నాను.