చర్చ: స్పానిష్‌లో అబ్లార, అబ్లాసె రెండూ బట్టీ పట్టాలా?

రాత్రిచదువు: అందరికీ నమస్తే. స్పానిష్ బీ2 (మధ్యస్థాయి) పరీక్షకి చదువుతున్నా, ఇంపర్ఫెక్ట్ సబ్‌జంక్టివ్ (గతంలోని కోరికలు, ఊహలు చెప్పే క్రియారూపం) దగ్గర ఆగిపోయా. అబ్లార్ (మాట్లాడు) లాంటి మామూలు క్రియకే రెండు వరసలిచ్చారు, అబ్లార అని ఒకటి, అబ్లాసె అని ఒకటి. రెండూ కావాలా? నోసోత్రోస్ (మేము) రూపంలో మాత్రమే అక్షరం మీద ఆ ఒత్తు గీత ఎందుకు? అసలు ఎక్కడ వాడాలో ఎలా తెలుస్తుంది?

మిర్చిబజ్జీ: టేబుల్ జోలికే పోకు బ్రో. ప్రెటెరిట్‌లో, అంటే మామూలు భూతకాలంలో, 'వాళ్ళు' రూపం తీస్కో, అబ్లారొన్. చివర్న రొన్ పీకేసి ర తగిలించు, అంతే. కొమ్యేరొన్ కొమ్యేర అవుద్ది, బివ్యేరొన్ బివ్యేర అవుద్ది, తువ్యేరొన్ లాంటి మొండివి కూడా ఇట్టాగే లొంగుతాయి. మా కోచింగ్‌లో ఈ ఒక్క ముక్క చెప్పకుండా టేబుళ్ళు రాయించి రాయించి చంపారు, కట్టిన ఫీజు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుద్ది.

మెక్సికోమల్లేశ్: సె గురించి మర్చిపో భయ్. ఇక్కడ మాటల్ల ఎక్కువ వినపడేది ర నే. 'మీరంతా' అనే బోసోత్రోస్ కూడా లేదు కాబట్టి అబ్లారైస్ కూడా పీకి పడెయ్, అందరికీ ఉస్తేదెస్ అబ్లారన్ చాలు.

బిల్బావోబాబు: అంత కష్టమెందుకండీ, సి ('అయితే' అనే మాట) తర్వాత రీయ ('చేసేవాణ్ణి' అనే రూపం) పెట్టినా నడిచిపోద్ది. మా ఆఫీసులో పుట్టి పెరిగిన స్పానిష్ వాళ్ళే 'సి అబ్లరీయ' అంటారు, నేనూ అదే అంటా, ఎవరూ ఏమీ అనలేదు.

వ్యాకరణంవాణి: దయచేసి పిల్లల్ని పాడుచేయకండి. 'సి అబ్లార ఎస్పాన్యోల్, త్రబహరీయ ఎన్ మద్రీద్.' అంటే, స్పానిష్ మాట్లాడగలిగితే మద్రీద్‌లో పనిచేసేదాన్ని అని. సి పక్కన ర, రెండో ముక్కలో రీయ. తిరగేస్తే పరీక్షలో తప్పే.

బిల్బావోబాబు: మేడం, పుస్తకం ముందా మనుషులు ముందా? బాస్క్ ప్రాంతం, బుర్గోస్, కాంతాబ్రియా, ఇటంతా అలాగే మాట్లాడతారు. వాళ్ళ భాష వాళ్ళకి రాదంటారా?

వ్యాకరణంవాణి: ఆ ప్రాంతపు వాడుక అని నాకూ తెలుసు, ఈఫ్లూలో (హైదరాబాద్ భాషల యూనివర్సిటీ) స్పానిష్ చదివే వచ్చాను. అడిగిన వ్యక్తి పరీక్ష రాస్తున్నారు, బిల్బావోలో టీ తాగడానికి వెళ్ళట్లేదు.

మిర్చిబజ్జీ: అబ్బో, డిగ్రీ బయటకొచ్చింది 😂

వ్యాకరణంవాణి: వచ్చింది కాబట్టి ఇదీ వినండి. లాటిన్‌లో ర రూపం అసలు సబ్‌జంక్టివే కాదు, 'అప్పటికే చేసి ఉండెను' అనే ప్లూపర్ఫెక్ట్ ఇండికేటివ్. సబ్‌జంక్టివ్ నుంచి వచ్చింది సె. అందుకే పేపర్లలో ఇప్పటికీ 'ఎల్ దిస్కుర్సొ కె ప్రొనున్స్యార' అని రాస్తారు, ఆయన అంతకుముందు చేసిన ప్రసంగం అని అర్థం. పాత వాసన ఇంకా పోలేదు.

మెక్సికోమల్లేశ్: ఇదంతా ఎవడడిగిండు? నాకైతే కొట్టుకి పోయి 'కిస్యేర ఉన్ కఫే' (ఒక కాఫీ కావాలండి) అంటే మర్యాదగా కాఫీ ఇస్తున్నరు, సబ్‌జంక్టివ్‌తోని నా పని అయిపోయింది.

రాత్రిచదువు: నా ప్రశ్న ఎవరైనా చదివారా అండీ 🙏

గుంటూరుగీత: నేను చదివా. పరీక్షలో ర రాసినా సె రాసినా ఒకటే, రాయడానికి ర పట్టుకో, చదివేటప్పుడు సె కనిపిస్తే గుర్తుపడితే చాలు. ఇక వాడకం. 'కియేరొ కె ఆబ్లెస్', నువ్వు మాట్లాడాలని ఇప్పుడు కోరుకుంటున్నా. కోరిక నిన్నటిదైతే 'కెరీయ కె అబ్లారస్'. ముందున్న క్రియ గతంలోకి జారితే వెనకది కూడా జారుతుంది. 'కోమొ సి' (అన్నట్టు) వస్తే కళ్ళు మూసుకుని ఇదే పెట్టు.

గీత సంగతంటావా, అబ్లారమొస్‌లో ఒత్తు చివరి నుంచి మూడో అక్షరం మీద పడుతుంది, అలాంటి ప్రతి మాటకీ గీత తప్పనిసరి. తెలుగులో రాసుకుంటే ఇంకో లాభం ఉంది చూడు: అబ్లార అంటే ఈ రూపం, అబ్లరా అంటే 'మాట్లాడతాడు', భవిష్యత్తు. దీర్ఘం ఎక్కడుందో ఒత్తు అక్కడే.

బిల్బావోబాబు: గీత గారూ మీరైనా చెప్పండి, మా ఆఫీసు వాళ్ళు తప్పా?

గుంటూరుగీత: నన్ను లాగకండి బాబూ.

మిర్చిబజ్జీ: అవన్నీ సరే, ఫోన్‌లో ఆ గీత ఎట్టా కొడతారు?

మెక్సికోమల్లేశ్: స్పానిష్ కీబోర్డ్ పెట్టి, 'ఏ' మీద వేలు అట్లనే నొక్కి పట్టుకో, పైన వస్తది.