ఫెలోషిప్‌కి ఇంటి పరిస్థితి చూడాలా, బొమ్మ ఒక్కటే చూడాలా?

లంకగట్టు: మా తమ్ముడు ఎం.ఎఫ్.ఏ. (చిత్రకళలో పీజీ) ముగించి ఏడాదైంది. అమలాపురంలో ఫ్లెక్సీ షాపులో పుట్టినరోజు బ్యానర్లు చేస్తున్నాడు. కళాకారులకిచ్చే ఫెలోషిప్‌ల ఎంపికలో ఇంటి పరిస్థితి కూడా చూడాలని నా మాట. మీరేమంటారు?

గోదారిరంగు: బొమ్మ చూడాలండి, ఇల్లు కాదు. మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌కి వెళ్ళింది చేతిలో పనితనం ఉండబట్టే.

లంకగట్టు: ఆ పనితనం చూసి వెన్నుతట్టడానికి రాజమండ్రి కాలేజీలో ప్రిన్సిపాల్ కూల్డ్రే ఉన్నారు. మావాడికెవరున్నారు?

పంటకాలువ: కేంద్ర సంస్కృతి శాఖ జూనియర్ ఫెలోషిప్ ఉందిగా, నెలకు 10,000, రెండేళ్ళు.

లంకగట్టు: దానికి 25 ఏళ్ళు నిండాలండి, వీడికి 24. పైగా నెలనెలా రాదు, ఆరు నెలలకో వాయిదా.

పంటకాలువ: లెక్కకి నెలకు 10,000 అన్నాను. తప్పేముంది?

లంకగట్టు: అద్దె నెలనెలా కట్టాలి. అదీ తప్పు.

గోదారిరంగు: నేను మా అమ్మ పుట్టింటి పది సెంట్లు అమ్ముకుని చదివాను. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

లంకగట్టు: అమ్ముకోడానికి మీకు పది సెంట్లున్నాయి! లేనివాడు మానెయ్యాలా?

గోదారిరంగు: మాట జాగ్రత్త. మా నాన్న పడవ సరంగు. నా మొదటి ప్రదర్శనలో నేను వేసిన కొబ్బరితోట కింద చీటీ అంటించారు, ‘సరంగు కొడుకు’ అని. ఆ ఆకుపచ్చ కుదరడానికి మూడు నెలలు పట్టింది నాకు. వచ్చినవాళ్ళంతా మా నాన్న పడవ గురించే అడిగారు. ఇల్లు చూసి డబ్బిస్తే ఆ చీటీ జన్మలో ఊడదు. నా బాధ అది.

పేరూరుచిన్నది: ఇది ముందే చెప్పాల్సిందండీ.

లంకగట్టు: వివరాలు కమిటీ దగ్గరే ఉంచి, గోడ మీద పేరొక్కటే పెట్టమనండి. నేనూ ఒప్పుకుంటా. మావాడివి పదకొండు కాన్వాసులు అటక మీద చుట్టి ఉన్నాయి. మొన్న వానలకి రెండింటికి బూజు పట్టింది. పెట్టుకోడానికి ఒక గది కావాలండి, అంతే.

గోదారిరంగు: చీటీ విషయంలో నా మాట మారదు. ఆ రెండూ ఎండలో పెట్టకండి, గట్టిగా తుడవకండి. ఆదివారం అమలాపురం వస్తున్నాను, చూస్తాను.