‘చివరి రౌండ్’ అంటే ఏమిటి? బడ్గామ్ ఆఖరి సందేశంపై చర్చ

ప్రశ్న: 1947 కశ్మీర్ యుద్ధంలో మేజర్ సోమనాథ్ శర్మ బడ్గామ్ నుంచి పై కార్యాలయమైన బ్రిగేడ్‌కు ఇంగ్లీషులో పంపిన ఆఖరి సందేశాన్ని తెలుగులో ‘చివరి మనిషి, చివరి రౌండ్ వరకూ పోరాడతాం’ అని రాస్తున్నారు. ఇక్కడ రౌండ్ అంటే పోరులో ఒక విడతా?

జవాబు: కాదండీ, తూటా. గుండు, మందు, ఇత్తడి గొట్టం అన్నీ కలిస్తే సైన్యం లెక్కలో ఒక రౌండ్. ‘గుండు’ అని రాస్తే ముందుండే ముక్క ఒక్కటే అవుతుంది. రౌండ్ అని వదిలేస్తే చదివేవారికి కుస్తీ పోటీ గుర్తొస్తుంది.

ఆ రోజు, 1947 నవంబర్ 3న, తూటా లెక్క నిజంగానే ప్రాణం లెక్క. కుమావూన్ రెజిమెంట్ 4వ బెటాలియన్‌లో శర్మ నడిపిన డి కంపెనీ మీదికి సుమారు 500 మంది శత్రువులు మూడు వైపుల నుంచీ వచ్చారు. మనవాడొకడికి వాళ్లు ఏడుగురు. ఆ కాలపు తేలికపాటి మెషిన్ గన్ అయిన బ్రెన్ గన్ మ్యాగజైన్‌లో, అంటే తూటాల పెట్టెలో, 30 తూటాలు పడతాయి. స్ప్రింగు మీద భారం తగ్గించడానికి 28 నింపేవారు. ఆపకుండా కాలిస్తే అవి నాలుగు సెకన్లు కూడా రావు. నింపడమూ తేలిక కాదు. అందులో వాడే .303 తూటా అడుగున అంచు ఉంటుంది. పై తూటా అంచు కిందిదాని అంచుకు ముందుండాలి. వెనక పడిందా, రెండూ తట్టుకుని తుపాకీ ఆగిపోతుంది. గన్ల దగ్గర మనుషులు పడిపోతుంటే, ఎడమచేతికి పిండికట్టుతో ఉన్న మేజర్ శర్మ స్వయంగా మ్యాగజైన్లు నింపి అందించారు. మోర్టార్ గుండు వచ్చి పడింది ఆ మందుగుండు మధ్యనే. ఇంత తెలిశాక ‘తూటా’ తప్ప వేరే మాట రాయబుద్ధి కాదు.

మరో జవాబు: ‘అంగుళం కూడా వెనక్కి తగ్గం’ అనీ రాస్తున్నారు. ఇంగ్లీషు మూలంలో ఉన్నది ఏకవచనం: ‘తగ్గను’. అది కంపెనీ కమాండర్‌గా ఆయన తీసుకున్న నిర్ణయం, బహువచనంలో కలిపేయకూడదు. అదే సందేశంలో శత్రువు 50 గజాల దూరంలో ఉన్నాడన్నచోట గజాలే ఉంచండి. కాల్పుల మధ్య కంటితో వేసిన అంచనాను 45.72 మీటర్లు చేస్తే లేని కచ్చితత్వం తెచ్చిపెట్టినట్టు. ‘కంపెనీ’ని ‘దళం’ చేయొద్దు. బెటాలియన్‌లో అదెంత భాగమో తెలియకుండా పోతుంది.

ఇంకొకరు: 1942లో ఆయన చేరినది 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లో అని చదివి తెలుగు పటాలం అనుకోకండి. ఆ పేరు నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం నుంచి వచ్చింది. 1945లో కుమావూన్ రెజిమెంట్‌గా మార్చారు.

మొదటి జవాబిచ్చినవారు: అయితే ఇలా రాద్దాం: ‘అంగుళం కూడా వెనక్కి తగ్గను. ఆఖరి మనిషి, ఆఖరి తూటా ఉన్నంతవరకూ పోరాడతాను.’