స్కార్ రైఫిల్‌లో ఎల్ రకాన్ని ఎందుకు పక్కన పెట్టారు?

అందరికీ నమస్కారం. బెల్జియంకు చెందిన ఎఫ్‌ఎన్ సంస్థ అమెరికా ప్రత్యేక దళాల కోసం రూపొందించిన స్కార్ రైఫిల్ గురించి ఒక సందేహం తీర్చగలరని మనవి. 5.56 మి.మీ. తూటా వాడే ఎల్ రకానికీ, 7.62 మి.మీ. తూటా వాడే హెచ్ రకానికీ గ్యాస్ పిస్టన్ పద్ధతి (తూటా పేలినప్పుడు పుట్టే వాయువు ఒత్తిడితో రైఫిల్ యంత్రాంగాన్ని నడపడం), పక్కకు మడిచే బట్, అవసరాన్ని బట్టి పొట్టి లేదా పొడవు బ్యారెల్ బిగించుకునే వీలు ఉమ్మడిగానే ఉన్నాయి. అయినప్పటికీ 2010లో ఆ దళాల కమాండ్ ఎల్ రకం కొనుగోలును ఆపివేసి, హెచ్ రకాన్ని మాత్రం కొనసాగించింది. అప్పటికే చేతిలో ఉన్న ఎం4 రైఫిల్ కన్నా ఎల్ రకం ఖర్చుకు తగినంత మెరుగు కాదన్న వాదన నాకు సబబుగానే తోస్తోంది. అయితే ఆ నిర్ణయంలో హెచ్ రకాన్ని 5.56కు మార్చే కిట్ పాత్ర ఎంత? అలాగే, పేల్చిన ప్రతిసారీ బోల్ట్‌తో (తూటాను బ్యారెల్‌లోకి నెట్టి మూసే భాగం) పాటు ముందుకూ వెనక్కూ కదిలే ఛార్జింగ్ హ్యాండిల్ (బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగే పిడి) బొటనవేలికి తగిలే ఇబ్బంది, దానిని కదలకుండా చేసిన తర్వాతి నమూనాల్లో పూర్తిగా తొలగిందా? ఈ రైఫిల్‌ను దగ్గరగా ఎరిగినవారు వివరిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.