ఒక్క చూపుడు వేలు తెగితే అతికించుకోవాలా, వదిలేయాలా?

బావమరిది
మూడు వారాల క్రితం మా బావకి మెషిన్‌లో ఎడమచేతి చూపుడు వేలు తెగిపోయింది. మధ్య కణుపుకి కిందగా, అరచేతికి దగ్గర్లో. డాక్టర్లు "అతికించి చూడొచ్చు, కానీ అక్కడ తెగితే వేలు బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ, పైగా తెగింది ఒక్క వేలే" అన్నారు. బావ అతికించొద్దు, గాయం మూసేయమన్నాడు, కుట్లు కూడా తీసేశారు. అక్క మాత్రం అప్పటినుంచీ ఆయనతో మాట్లాడటం లేదు. ఎవరు కరెక్ట్?

పాతరంపం
మీ బావే. నాదీ అదే వేలు, అదే చోటు. నేను అతికించుకున్నాను. తొమ్మిది గంటల ఆపరేషన్. మూడో రోజు వేలు వంకాయ రంగుకి తిరిగింది, రక్తం లోపలికి వెళ్తోంది కానీ బయటికి రావట్లేదని జలగలు పెట్టారు. వేలు బతికింది. అందరూ చప్పట్లు. ఆ తర్వాత అది వంగలేదు, అంతే సంగతి. గూటం పట్టుకుంటే ఆ ఒక్కటీ పైకి లేచి నిలబడేది, ఎవరినో వేలెత్తి చూపిస్తున్నట్టు. జేబులో చెయ్యి పెడితే తట్టుకునేది, చలికి మంట. ఏడాదిన్నర భరించి తీయించేసుకున్నాను. నెల తిరక్కుండా మధ్య వేలు దాని పని అందుకుంది. పెన్సిలైనా, మేకైనా ఇప్పుడు దానితోనే.

కొండగాలి
తెగిన ముక్కని ఆసుపత్రికి ఎలా తీసుకెళ్లారో ముందు అది చెప్పండి. ఐసు మీద నేరుగా పెట్టారా?

బావమరిది
లేదండీ, తడిగుడ్డలో చుట్టి కవర్లో పెట్టి తీసుకెళ్లాం. ముక్క బాగానే ఉందన్నారు.

కొండగాలి
మరింకేం! అంత జాగ్రత్తగా తెచ్చిన వేలిని పారేస్తారా? 1965లోనే జపాన్‌లో కొమాట్సు, తమాయ్ అనే డాక్టర్లు పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని అతికించారు. అప్పుడే సాధ్యమైంది ఇప్పుడు కష్టమా?

పాతరంపం
అది బొటనవేలు స్వామీ! చేతి పనిలో దాదాపు నలభై శాతం దానిదే అంటారు, అది పోతే కాలి వేలు తీసుకొచ్చి మరీ పెడతారు. చూపుడు వేలికి ఎవరైనా అలా చేస్తారా?

చేతిథెరపీ
నాలుగు వేళ్లూ పోయినప్పుడు చేస్తారండీ, పట్టుకోడానికి బొటనవేలికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇద్దరూ వేర్వేరు విషయాలు మాట్లాడుతున్నారు. వేలు బతకడం వేరు, పని చెయ్యడం వేరు. మీ బావగారికి తెగిన చోట వేలిని వంచే రెండు స్నాయువులు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లలాంటివి) ఇరుకు గొట్టంలో పక్కపక్కనే వెళ్తాయి. కుట్టాక కదపకపోతే చుట్టూ అంటుకుపోతాయి, తొందరపడి బలంగా వాడితే తెగిపోతాయి. ఆరు వారాలు స్ప్లింట్‌తో, అంటే వేలికి ఆసరాగా కట్టే గట్టి పట్టీతో, కాపాడుకుంటూ మెల్లగా కదపాలి, పూర్తి బలం పెట్టడానికి మూడు నెలలు పడుతుంది. నరం రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, కాబట్టి స్పర్శకి ఇంకా ఎదురుచూపులే. అందుకే పెద్దవాళ్లకి అక్కడ ఒక్క వేలే తెగితే చాలామంది సర్జన్లు వెనకాడతారు. బొటనవేలైనా, ఒకటికి మించి వేళ్లు తెగినా ప్రయత్నిస్తారు. చిన్న పిల్లలకైతే దాదాపు ఎక్కడ తెగినా ప్రయత్నిస్తారు.

ఊరికే_చూస్తున్నా
జలగలు నిజంగానా? రాత్రి నిద్ర పోయింది నాకు.

కొండగాలి
థెరపిస్టు గారు చెప్పిందాంట్లోనే ఉంది, మూడు నెలలు ఓపిక పడితే వచ్చేది. పాతరంపం గారికి ఓపిక లేక తీయించేసుకుని, ఇప్పుడు దాన్నే సిద్ధాంతం చేసి అందరికీ చెబుతున్నారు. వేలు ఉన్నవాళ్లకి దాని విలువ తెలీదు.

పాతరంపం
ఓపికా? అంటుకుపోయిన స్నాయువుని విడదీయడానికి రెండో ఆపరేషన్ కూడా చేయించుకున్నాను. రోజూ వేలిని వేడినీళ్లలో పెట్టి, ఏడుస్తూ వంచుకున్నాను. సిగరెట్ మానేశాను, రక్తనాళాలు ముడుచుకుపోతాయి ఒక్కటి తాగినా పని అయిపోతుందన్నారని. ఏడాదిన్నర పనిలేదు, మా పెద్దాడి చదువు ఆగింది. ఎవరండీ మీరు నా ఓపిక గురించి మాట్లాడటానికి? మొదటినుంచీ ఐసు, ఐసు అని పట్టుకున్నారు. అసలు మీకు ఏ వేలు పోయింది?

ఊరికే_చూస్తున్నా
మెల్లగా అన్నా, మెల్లగా.

కొండగాలి
నాకేం పోలేదు. మా తమ్ముడిది. ఉంగరం వేలు, తలుపు సందులో పడి తెగింది. ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను. చల్లగా ఉంచాలని ఎక్కడో విన్నాను, డబ్బాలో ఐసు ముక్కలు పోసి అందులో వేలు వేసి మూత పెట్టాను. ఆసుపత్రిలో మూత తీసేసరికి తెల్లగా, సుద్దముక్కలా గట్టిపడి ఉంది. డాక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు. ఐసు వల్లే అని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.

పాతరంపం
అయ్యో. సరే, నా మాట వదిలేయండి. కానీ ఒక్క వేలే కదా, బాగున్నా వాళ్లు మూసేసేవాళ్లేమో. మీ మీద వేసుకోకండి.

కొండగాలి
వాడికప్పుడు ఎనిమిదేళ్లు. పిల్లలకైతే ప్రయత్నిస్తారని పైన ఆవిడే చెప్పారు చూడండి. "ఒక్క వేలైతే ఎలాగూ వద్దంటారు" అని మీరు రాసినప్పుడల్లా నాకు హాయిగా అనిపిస్తుంది. అందుకే నమ్మబుద్ధి కాదు.

చేతిథెరపీ
తలుపు సందులో నలిగి తెగిన వేలు, కత్తితో కోసినట్టు తెగిన వేలు ఒకటి కాదండీ. నలిగితే రక్తనాళాలు లోపల చాలా దూరం దెబ్బతింటాయి, అతికించడం కష్టమవుతుంది. మీ తమ్ముడి విషయంలో ఏది కారణమో నేను చెప్పలేను.

చదివేవాళ్ల కోసం: సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డలో చుట్టి, నీళ్లు వెళ్లని కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐసు వేసిన నీళ్లలో ఉంచాలి. వేలికి ఐసు తగలకూడదు. వేలిలో కండరం ఉండదు కాబట్టి ఇలా చల్లగా ఉంచితే ఇరవై నాలుగు గంటల దాకా కూడా ఆగొచ్చు, అయినా త్వరగా తీసుకెళ్లడమే మంచిది.

పాతరంపం
తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడు?

కొండగాలి
బానే ఉన్నాడు. కీబోర్డ్ వాయిస్తాడు. నేను వినడానికి వెళ్లను.

బావమరిది
ఇదంతా అక్కకి చదివి వినిపించాను. వేలు పోయిందని కాదట కోపం, తను బయట కుర్చీలోనే కూర్చుని ఉంటే, ఒక్క మాట కూడా అడక్కుండా బావ సంతకం పెట్టేశాడని.

పాతరంపం
వేలు ఆయనది కదా తల్లీ.

ఊరికే_చూస్తున్నా
మళ్లీ మొదలు.

బావమరిది
ఆ మాట అక్కకి చెప్పనులెండి. ఇంకో డౌట్. మొండి చివర చొక్కా తగిలినా కరెంటు కొట్టినట్టు ఉంటోందట బావకి. ఇది తగ్గుతుందా?

చేతిథెరపీ
చాలామందికి తగ్గుతుంది. గాయం పూర్తిగా మానితే ముందు దూదితో, అలవాటయ్యాక మెత్తటి గుడ్డతో, తర్వాత గరుకు గుడ్డతో రుద్దాలి. ఒక్కోసారి కొన్ని నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు. ఒకే చోట నొక్కితే జిల్లుమని ప్రాణం పోతుంటే, తెగిన నరం చివర ముడి పడి ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించండి.

బావమరిది
థాంక్సండీ. గుడ్డలు అక్కే కత్తిరిస్తోంది, మెత్తటివి ఒక పక్క, గరుకువి ఒక పక్క. మాటలు మాత్రం ఇంకా లేవు.